మూడో వారం

రేపల్లె, 13 ఆగస్టు 1991, మంగళవారం

విసుగొచ్చేసింది. క్యాన్సర్ వల్ల ముందు ఒక వృషణం, నాలుగేళ్లకు రెండోదీ తీసేశారు. అప్పట్నుంచి మూడు వారాలకోసారి హార్మోను ఇంజెక్షన్ వేయించుకోవాలి. అది ఇక్కడ దొరకదు, అందుకే ఈ రోజూ బడికి సెలవు పెట్టి తెనాలి వెళ్లాను. మందుల షాపతను అంతమంది ముందు, "మగతనం సూదే కదండి మాస్టారూ?" అని కేకేశాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

డాక్టరుగారిని సిగ్గు విడిచి అడిగాను. "సూది వేసిన వారం బాగుంటుందండి. మూడో వారానికి నీరసం, చిరాకు. కోరికన్నదే ఉండదు. ఏమైనా మార్చగలరా?"

ఆయన తల కూడా ఎత్తలేదు. "ప్రాణం దక్కింది కదండి, ఇంకేం కావాలి?"

ఏం కావాలో ఆయనకు తెలియదా? నాకు ముప్ఫయ్యారేళ్లు!

అన్నం తిన్నాక అలవాటుగా విడిగా పడుకోడానికి వసారాలో చాప పరిచాను. సరోజ వచ్చి చాప లాగేసింది.

"రోజూ ఏంటీ వేషాలు? నేనేమన్నా అడిగానా మిమ్మల్ని?"

"అడగవు. అదే నా భయం."

"పిల్లలు పుట్టరని చెప్పారు డాక్టరుగారు. నా పక్కన పడుకుని కబుర్లు చెప్పొద్దని చెప్పలేదుగా!"

తెనాలిలో జరిగిందంతా చెప్పాను. ఆమెకు నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. వచ్చేసారి తనూ వస్తుందట, ఆ డాక్టరుగారిని తనే అడుగుతుందట.

"వద్దు సరోజా, పరువు పోతుంది" అన్నాను.

"ఎవరిది?" అంది.