తట్టి వినేవాడు

నాన్నా,

నువ్వు పోయాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి మోప్కాలో అద్దింటికి వచ్చేశాం. ఈ సాయంత్రం మన అంతరిక్ష సీరియల్ మళ్ళీ మొదలైంది. ఓడ ఇంజను చూసుకునే ఆ ఆకుపచ్చ గ్రహాంతరవాసి నీలాగే సుత్తితో తట్టి చూస్తాడని, "మనోడే" అనేవాడివి. ఇప్పుడు ఆ వేషానికి నటుణ్ణి మార్చారట. రంగు, ముసుగు, సుత్తి అన్నీ అవే. అయినా నాకు కుదురు లేదు. మూడుసార్లు లేచి తిరిగాను. తేడా ఎక్కడుందో అంతుబట్టలేదు.

"ముసుగులో ఎవుడుంటే ఏటి?" అని నీతో గొడవపడే అమ్మ, పిండి చేత్తోనే వచ్చి నిలబడి చూసింది.

"ఈడు తడతన్నాడు గానీ ఇనడం నేదే. మీ నాన్న బండి చక్రం తట్టి, పగులుందేమోనని చెవొగ్గి ఇనీవోరు" అంది. టీవీ ఆపేసింది.

నీ డ్యూటీ చూడటానికి అమ్మ ఎప్పుడొచ్చింది నాన్నా? నీకు తెలుసా?