నర్సు రాలేదని రాసిన మాట

చిన్నగుట్టపల్లి,
కెలమంగలం దారి,
12-9-2004.

చిరంజీవి తమ్ముడు మంజునాథ్‌కు అక్క దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాశాను. ఎంత బాగున్నామో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. మీ మిలిటరీ క్యాంపులో అప్పుడే చలి మొదలైందని రాశావు, ఆరోగ్యం జాగ్రత్త. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. బూత్ దగ్గర నా వెనక నలుగురు నిలబడి ఉంటారు, అక్కడ నీకు రెండు నిమిషాలకే లైను కోస్తారు. ఇది రెండు నిమిషాల్లో అయ్యే మాట కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ ఇల్లాలు చైత్రకు ఎనిమిదో నెల. పోయిన నెల మల్బరీ తోటలో కళ్ళు తిరిగి పడ్డప్పుడు హోసూరులో పరీక్ష చేయిస్తే రక్తం ఏడే ఉందన్నారు కదా, మొన్న మళ్ళీ చూపిస్తే ఏడున్నర అయింది. కాన్పు నాటికి పదన్నా ఉండాలట. లేకపోతే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదమేనని అక్కడి డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. చేతిలో నెల రోజులున్నాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

ఏం తింటోందని అడిగావు. పొద్దున రాగి ముద్దలోకి మునగాకు కూర చేస్తున్నాను. మధ్యాహ్నం అన్నంలోకి అలసంద పులుసు, రోజుకు రెండు గుడ్లు, సాయంత్రం బెల్లం కలిపిన నువ్వుల ఉండ. టీ మాన్పించాను. మాత్ర మింగి వెంటనే టీ తాగితే ఆ మాత్ర ఒంటికి పట్టదట. ఈ సంగతులన్నీ నర్సు రేణు చెప్పింది. ఆమె ఇప్పుడు రోజూ మనింటికి వస్తోంది. నువ్వు ఆశ్చర్యపోతావని తెలుసు. ఆమె సంగతి కాస్త ఆగి రాస్తాను.

మన ఆస్పత్రి ఎలా ఉందని అడిగావు, అడగకపోయినా బాగుండేది. డాక్టరు పేరు బోర్డు మీద చక్కగా రాసి ఉంది. ఏడాదిన్నరగా ఆ పేరు చదువుతున్నామే గానీ ఆ మనిషిని చూసిన పాపాన పోలేదు. కలెక్టరు ఆఫీసు ధర్మపురి నుంచి కృష్ణగిరికి వచ్చింది, ఇక డాక్టరు కూడా దగ్గరవుతాడని ఊరంతా ఆశపడ్డాం. ఆశపడటానికి ఏం, దానికి స్టాకు అయిపోదు. చైత్ర పడిన రోజు పాల వ్యానులో ఎక్కించుకుని అక్కడికే పరిగెత్తాను. మందులిచ్చే ఆంజప్ప ఒక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"డాక్టరు మీటింగుకు పోయినాడమ్మా. రేపు రాండి" అన్నాడు.

"యాడికి పోయినాడప్పా మీటింగుకు?"

"నాకేం తెలుసమ్మా? మీటింగుకు."

"పోనీ, రక్తం పట్టే మాత్రలన్నా ఇయ్యి."

"స్టాకు లేదు. రెండు నెల్లయింది."

"మరి ఏముండాదయ్యా ఈడ?"

ఆయన లోపలికి పోయి ఒక రంగు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. గర్భిణులు ఏం తినాలో దాని మీద బొమ్మలున్నాయి. యాపిల్, ద్రాక్ష, ఖర్జూరం, మేక కాలేయం, గ్లాసు నిండా పాలు. మనం తినే రాగులు అందులో లేవు, మునగాకు లేదు, అలసందలు లేవు. కూలికి పోయే ఏ ఆడది ఆ బొమ్మలు చూసి వంట చేస్తుంది? మనిషి పడిపోయి వ్యానులో ఉంటే మాత్రకు బదులు యాపిల్ బొమ్మ ఇచ్చి పంపారు. ఆ కాగితాన్ని అక్కడే చింపేయాలనిపించింది. చింపలేదు, అదే వ్యానులో హోసూరు పోయాం.

ఇక నీ పిటిషన్ సంగతి. నేను రాసిన ఉత్తరం మీ ఆఫీసరుకు చూపించి, ఆయన చేత కలెక్టరుకు రాయించావు కదా. మన ఊళ్ళో ముప్పైమంది వేలిముద్రలేసి పంపినా కదలనిది, మిలిటరీ ముద్ర పడేసరికి కదిలింది. పది రోజులకే రేణుకు మెమో వచ్చింది, విచారణకు జీపు వస్తుందని కబురు వచ్చింది. డాక్టరుకు ఏమీ రాలేదు. మాత్రలు పంపనివాళ్ళకు ఏమీ రాలేదు. నర్సు గర్భిణిని చూడలేదని రుజువైతే ఆమె ఉద్యోగం ఊడుతుందని మెమోలో ఉంది.

ఇంతసేపూ వాళ్ళను తిట్టాను, ఇప్పుడు నా వంతు. కోపం వచ్చినా ఉత్తరం పక్కన పడేయకుండా చదువు.

రేణు మనింటికి వచ్చింది, తమ్ముడూ. మూడుసార్లు వచ్చింది. నేనే వెనక్కి పంపాను.

మొదటిసారి జూన్‌లో. పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచి, నాలుగో జ్వరం లేచి, రాత్రింబవళ్ళు ఆకు మేస్తున్న వారం. ఆ రోజుల్లో బయటివాళ్ళను గడప దాటనివ్వమని నీకు తెలుసు. అంతకు ముందు పంటకు రోగం తగిలి మొత్తం గుంట తీసి పూడ్చిపెట్టాం. నాలుగిళ్ళ జబ్బు మనుషులను ముట్టుకుని వచ్చే నర్సును పురుగుల తట్టలున్న ఇంట్లోకి ఎలా రానిస్తానని అనుకున్నాను. వాకిట్లోనే నిలబెట్టాను.

"అక్కా, చైత్రనన్నా బయటికి పిలువు. ఈడే కూచోబెట్టి చూస్తాను" అంది.

"ఆకు కోస్తా ఉండాదమ్మా. నిన్ను తాకి మళ్ళీ తట్టల కాడికి పోతే ఎట్ల? పురుగులు గూడు కట్టినాక రా" అన్నాను.

గూళ్ళు విప్పి, ఇల్లు కడిగి, మళ్ళీ కొత్త పిల్ల పురుగులు తెచ్చి తట్టల్లో దించి, అవి పెద్దవయ్యే వేళకు ఆమె మన ఊరు తిరిగే రోజు వచ్చేది. జులైలోనూ అంతే, ఆగస్టులోనూ అంతే. మూడోసారి వానలో తడుస్తూ వచ్చింది. కూర్చోమని కూడా అనలేదు నేను. మొదటిసారి వాకిట్లో ఇచ్చిపోయిన మాత్రలు వేసుకుంటే చైత్రకు కడుపులో తిప్పుతోందని నేనే మాన్పించి డబ్బాలో పడేశాను. తర్వాత రెండుసార్లూ ఆమె సంచిలో మాత్రలే లేవు. "మాత్రలు లేవు గానీ కాగితాలు ఐదువందలు ఇచ్చినారక్కా, పంచమని" అంది.

నర్సు వచ్చి చూస్తోందా అని నువ్వు అడిగావు. నిజం రాస్తే నీ పెళ్ళాం కన్నా పురుగులే ఎక్కువైనాయా అంటావని భయపడ్డాను. అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని, నీ చేత ఆ మాట పడలేననిపించింది. చైత్ర పడిన రాత్రే కూర్చుని, "ఏ నర్సు, మన ఊరికి ఎవరొస్తారు" అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నాను. నువ్వు దాన్నే కలెక్టరు దాకా తీసుకుపోయావు.

చైత్ర పడిందని తెలిసిన మర్నాడే రేణు వచ్చింది. తన సొంత డబ్బుతో మాత్రలు కొనుక్కొచ్చింది. మెమో అందాక కూడా రావడం మానలేదు. ఒకరోజు తట్టుకోలేక, నా మీద కోపం లేదా అని అడిగాను.

"లేదని చెప్పనక్కా, ఉండాది. కానీ రక్తం ఏడుండేది నీకు కాదు గదా, చైత్రకు" అంది.

మొన్న గురువారం పంచాయతీ ఆఫీసులో విచారణ జరిగింది. మాటలు తమిళంలో నడిచాయి, నీకు మన భాషలో రాస్తున్నాను. పైనుంచి వచ్చిన ఆఫీసరు బల్ల వెనక కూర్చున్నాడు. రేణు డైరీ పట్టుకుని గోడ పక్కన నిలబడింది. అందులో మూడు తేదీలూ ఉన్నాయి. డైరీ ఎవరైనా రాసుకోవచ్చని ఆయన దాన్ని పక్కకు నెట్టాడు. "నర్సు వచ్చినాదా, రాలేదా? ఒక్క మాట చెప్పమ్మా" అన్నాడు. రాలేదంటే నీ మాట నిలబడుతుంది, ఆమె బతుకు పోతుంది. రేణు నా వైపు చూడనైనా చూడలేదు.

"వచ్చినాది సార్. నేనే లోపలికి రానీలేదు" అన్నాను.

ఆయన ముఖం ఎంత తేటపడిందో చూడాల్సింది. "అయితే పిటిషన్ అబద్ధం. ముగిసింది" అని పెన్నుకు మూత పెట్టాడు.

"డాక్టరు లేడనేది అబద్ధం కాదు సార్. మాత్రలు లేవనేది అబద్ధం కాదు."

"ఒకటి అబద్ధమైతే మిగతాది ఎట్ల నమ్మేదమ్మా?"

గుమాస్తా రాసి చదివాడు. సేవలు సక్రమంగా అందుతున్నాయట. కుటుంబానికి అవగాహన లేక వాడుకోలేదట. సంతకం పెట్టమన్నారు. "నర్సు వచ్చింది. డాక్టరు రాలేదు. మాత్రలు రాలేదు" అని కింద తెలుగులో రాసి సంతకం పెట్టాను. ఆయన తెలుగు చదవలేడు, చదివించుకోనూ లేదు. లేస్తూ లేస్తూ, గర్భిణికి పళ్ళు బాగా పెట్టమని చెప్పి ఆ రంగు కాగితమే ఇంకొకటి ఇచ్చాడు. రేణు ఉద్యోగం నిలిచింది, అంతవరకే మేలు. ఆ బల్ల ముందు నుంచి ఇంటికి వచ్చేదాకా నా ఒళ్ళు మండుతూనే ఉంది. నిజం చెప్పినందుకు వాళ్ళ తప్పంతా నా తప్పు కింద పెట్టి మూసేశారు.

మీ ఆఫీసరు ముందు నీకు తలవంపులు తెచ్చాను. నన్ను ఎంత తిట్టాలో అంత తిట్టు, పడతాను. కానీ ఇంకోసారి రాయించు. ఆస్పత్రిలో డాక్టరు లేకుండా చైత్ర కాన్పు అవడానికి వీల్లేదు, ఈ నెల్లోనే మిగతా ఇళ్ళలో ఇంకా నలుగురు కాన్పుకు ఉన్నారు. ఈసారి ఎవరూ మూసేయకుండా మొదటి వాక్యం నేనే ఇస్తున్నాను, దిద్దకుండా అలాగే పెట్టు: "నర్సు మా ఇంటికి మూడుసార్లు వచ్చింది, మా అక్క రామలక్ష్మమ్మ వాకిట్లో నుంచే వెనక్కి పంపింది." దాని కిందనే రెండోది రాయి: "డాక్టరు ఏడాదిన్నరగా ఒక్కసారీ రాలేదు. ఆయన్ను వెనక్కి పంపింది ఎవరో దయచేసి విచారించండి."

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
రామలక్ష్మమ్మ.