గూడబాతుల తుమ్మ

అక్కా,

నిన్నటితో నువ్వు పోయి ఏడాది అయింది. ఈవేళ గూడబాతులు వచ్చాయి.

చిన్నప్పుడు నన్ను తాటిదోనెలో కూర్చోబెట్టుకుని కొల్లేరంతా తిప్పేదానివి. మన దొడ్డి వెనక ఎండిన తుమ్మచెట్టు మీద వాటి గూళ్ళు చూపించి, "గట్టిగా అరవకురా, పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు" అనేదానివి. ఊళ్ళో ఎవరూ ఆ చెట్టు మీద గొడ్డలి వెయ్యలేదు.

నిరుడు నువ్వూ పురుటికే వచ్చావు. బిడ్డా దక్కలేదు, నువ్వూ దక్కలేదు. తుఫాను నీళ్ళు అరుగుల దాకా ఉన్నాయి. చితికి ఊరంతా వెతికినా పొడికట్టె దొరకలేదు. ఆకివీడు నుంచి పడవ రాదన్నారు. ఆ తుమ్మ ఒక్కటే నిలువునా ఎండి ఉంది, గూళ్ళు ఇంకా ఖాళీ. గొడ్డలి నేనే పట్టుకున్నాను. అమ్మ మాత్రం, "అవొచ్చే వేళయింది కదా నాయనా" అంది. నేను ఆగలేదు.

నిరుడు ఆ తుఫానుకి అవి రానేలేదు. ఈవేళ పొద్దున్నుంచీ ఆ మొద్దు మీదుగా తిరుగుతూనే ఉన్నాయి. అమ్మ అరుగు మీంచి కదల్లేదు. మధ్యాహ్నానికి కలిదిండి వైపు మళ్ళాయి.

వెళ్ళొద్దని ఒక్క కేక వెయ్యాలనిపించింది. నువ్వు అరవొద్దన్నావు కదా.