టర్బో ఈల

చిరంజీవి చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. "పిలిస్తే పలకరు, ఈ వయసులో పొగరు ముదిరింది" అని రోజూ నా మీద పడుతోంది.

నువ్వు మెకానిక్‌గా చేసే క్వారీలో లారీలకి, ఇంజన్‌లోకి గాలి నెట్టే ఆ టర్బోలు వరసగా పోతున్నాయని, వాటికి ఆయిల్ తీసుకెళ్లే సన్న పైపులో చిన్న ఫిల్టర్ పెట్టమంటావా అని పోయిన ఉత్తరంలో అడిగావు. పెట్టు. ఇంజన్ ఒకసారి అరిగి ఇనుప రజను వదిలిందంటే, ఎంత కడిగినా ఏదో ఒక మూల మిగిలే ఉంటుంది. అది కొత్త టర్బోలోకి పోతే బేరింగు నాశనం. కానీ డీజిల్‌కి వాడే కాగితం ఫిల్టర్ జోలికి పోకు, వేడి ఆయిల్‌కి అది నిలవదు. సన్న ఇనుప జాలీది పెట్టు. ఆ జాలీ చెత్తతో నిండితే ఆయిల్‌నీ ఆపేస్తుంది, టర్బో గొంతెండి చస్తుంది. అందుకే వారం తిరగ్గానే విప్పి చూడు.

"ముందు విను, తర్వాతే స్పానర్ పట్టు" అని నీకు నేర్పింది నేనే. ఆ మాట ఇక మర్చిపో. విప్పి, కళ్లతో చూడు.

ఎందుకంటావా? రొట్టెల వ్యాను తోలే బక్కోడు నీకు తెలుసుగా. వాడి బండికి ఈమధ్య నేనే ఆ ఫిల్టర్ పెట్టాను. చెప్పినట్టే వారానికి తెచ్చాడు. ఎప్పటిలాగే అద్దం దించి, చెవి పెట్టి వింటూ బండిని ఒక చుట్టు తోలి చూశాను. ఆయిల్ అందకపోతే టర్బో సన్నగా ఈల వేస్తుంది కదా, నాకు అదేమీ వినపడలేదు. "బంగారంలా ఉందిరా, పో" అన్నాను. విప్పనే లేదు.

మర్నాడు ఎత్తు రోడ్డు మీద, జాలీ నిండి ఆయిల్ అందక, టర్బో తిరగకుండా పట్టేసింది. బండిని తాడు కట్టి లాగించుకొచ్చి, వాడు నా మొహం మీదకొచ్చి అరిచాడు. "అంత ఈల వేస్తుంటే వినపడలేదా బాబాయ్? నువ్వు బాగుందన్నావని నా చెవుల్నే నేను నమ్మలేదు!" యజమాని వాణ్ణి పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు మన షెడ్డు ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకుంటున్నాడు.

నా చెవులు పోతున్నాయమ్మా. సన్నని శబ్దాలు ముందు పోయాయి, ఇప్పుడు మాటలూ సరిగా వినపడటం లేదు. మీ అమ్మకి చెప్పలేదు. పొగరనే అనుకోనీ. చెవుల్లేని మెకానిక్ దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? షెడ్డు మూసేస్తే నేను పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలి?

ఇంకొకటి ఉంది. మొన్న నువ్వు సిగ్నల్ కోసం కొండ దిగి వచ్చి ఫోన్ చేశావు. చాలాసేపు మాట్లాడావు. మధ్యలో ఆగావు, ఏదో అడిగినట్టున్నావు. నేను "సరేనమ్మా, నీ ఇష్టం" అనేశాను. నువ్వు నవ్వావో ఏడ్చావో కూడా తెలియలేదు, ఫోన్ పెట్టేశావు. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నేను దేనికి సరే అన్నానో రాయి తల్లీ.

ఇట్లు,
మీ నాన్న