పనిలోంచి తీసే ముందు అడగాల్సిన మాట

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. బాగేపల్లిలో మన శెనక్కాయల మిల్లులో పనిచేసే గంగులప్ప చెప్పకుండా పది రోజులు రాలేదు. ఇక రావద్దని వాట్సాప్‌లో పెట్టేశాను. ఆయన లాయరు నోటీసు పంపాడు.

చిక్కబళ్లాపురంలో మన వకీలు ఒకటే అడిగాడు: "ఎందుకు రాలేదని అడిగినావేమప్పా? అడక్కుండా తీసేస్తే కోర్టులో నిలబడదు."

నేను అడగలేదు.

ఎవరు పనికి రాకపోయినా నువ్వు సైకిలేసుకుని వాళ్లింటికి పోయేవాడివి. తిట్టడానికనుకునేవాణ్ణి. ఇంతకీ ఏమడిగేవాడివి? ఈ చట్టం నీకెవరు చెప్పారు?

ఇవాళ నేనూ పోయాను. గంగులప్ప భార్యకు కాలు విరిగి కట్టు కట్టారు. ఆమెను పట్టుకుని మెల్లగా నడిపిస్తూనే ఆయన నాతో అన్నాడు:

"మీ నాయనైతే మూడో దినానికే వస్తాండెనప్పా."