లోసా బడిసంచిలో చాప

నుకుఅలోఫా

అమ్మా, నేనూ, నీ మనవరాలూ కులాసా. ఆస్ట్రేలియా తోటల్లో నీ అల్లుడూ బాగానే ఉన్నాడట.

లోసా బడికి పోనని మారాం చేస్తోందని రాశాను కదా. సోమవారం దాన్ని రెక్క పట్టుకుని రోడ్డు మీద ఈడ్చాను. "ఏమే కలో, పందిపిల్లను సంతకు తోలుతున్నావా?" అని పక్కింటి సేలా అందరిలో నవ్వింది. ఆ ఉక్రోషంలో పిల్ల వీపు మీద రెండు వేశాను. "నేను బడిలో ఉన్నప్పుడే నాన్న వెళ్ళిపోయాడు. నువ్వూ పోతావు!" అని ఏడ్చింది.

నాకు తల కొట్టేసినట్టయింది. దాని ఏడుపు చూడలేక ఆయన్ని అలా పంపింది నేనే. వచ్చే నెల నేనూ తోటపనికి అలాగే జారుకుందామనే కదా, దాన్ని చూసుకోవడానికి నిన్ను బడివేళకు రమ్మన్నాను!

మర్నాడు, చర్చికి మర్యాదగా నేను నడుముకు కట్టుకునే చాపను అది చుట్టి బడిసంచిలో కుక్కుకుంది. "ఇది కట్టుకోకుండా విమానం ఎక్కితే అందరూ నవ్వుతారు. నువ్వు ఎక్కవులే" అంది. అప్పటినుంచి నోరెత్తకుండా బడికి పోతోంది.

తమ్ముడి దగ్గు తగ్గిందా? కర్రపెండలం తవ్వారా? కొబ్బరినూనె ఒక సీసా పంపు. ప్రయాణానికని అల్లమన్న కొత్త చాప మాత్రం పంపకు. బడి లేని శనివారం చూసుకుని పడవెక్కు. నీ ఎదుటే దానికి అంతా చెబుతాను. వెళ్ళే రోజున ఆ పాత చాప దాని చేతే కట్టించుకుంటాను. ఇవ్వనంటే ఆగిపోతాను.

ప్రార్థనలో దాని పేరు ముందు చెప్పు. నన్ను తర్వాత దీవిద్దువుగాని.

నీ కలో