నూట పద్దెనిమిదో పేజీలోని రొద

తిరుపతిలో కాపురముంటున్న దామోదరం గారి భార్యను, మోహనను, వయసు యాభై ఏడు, ఇల్లు చూసుకునేదాన్ని, నా అంతట నేను రాసిన వీలునామా ఇది. ఈ ఉదయం నెల సరుకుల లెక్క రాసి, కూడిక రెండుసార్లు సరిచూశాను. తప్పు రాలేదు. నా బుద్ధి నిలకడగా ఉందనడానికి డాక్టరు కాగితంతో పాటు దీన్ని కూడా పరిగణించాలి. నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు. మాకు పిల్లలు లేరు. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు బాలసుబ్రమణ్యం గారిది.

1. ఇల్లు. మా నాయన నా పేరున రాసిచ్చిన ఈ ఇంట్లో నా భర్త దామోదరం గారు బతికున్నంత కాలం ఉండవచ్చు. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి ఆయనకు హక్కు లేదు. ఆయన తరువాత ఇల్లు నా తమ్ముడు మునిప్రసాద్ కూతురు కోమలికి చెందుతుంది. మునిప్రసాద్ 1994లో జ్వరంతో పోయాడు. అప్పటికి కోమలికి ఏడాది నిండలేదు.

2. పుస్తకాలు. దామోదరం గారు ఒకే ఒక్క ఇంగ్లీషు రాక్ పాట మీద మూడు వందల పన్నెండు పేజీల పుస్తకం రాశారు. ఎనిమిది నిమిషాల పాట. సగం సేపు మాటలుండవు, గిటారు ఒక్కటే మోగుతుంది. పాట మీద నాకు కోపం లేదు, మంచి పాట. అమ్ముడుపోని ప్రతులు మాత్రం మా సామాన్ల గదిలో బియ్యం డబ్బాలకు చోటు లేకుండా చేసి ఏడేళ్ళయింది. అవన్నీ ఆయనవే. నేను పోయాక, నా దినాలు ముగిసేలోగా వాటిని ఆయనే మోసుకుని తన గదిలో పెట్టుకోవాలి. కూలివాణ్ణి పిలవకూడదు. కింది వరస అట్టపెట్టెలకు చెదలు పట్టింది. నాకు తెలుసు, ఆయనకు చెప్పలేదు.

3. ఊరగాయ జాడీలు. అన్నీ పక్కింటి అమలకు. వర్షం వస్తే మా మిద్దె మీది మిరపకాయలు కూడా ఎత్తి లోపల పెట్టేది ఆమే. దామోదరం గారికి ఊరగాయ కావాలంటే ఆమెను అడిగి తెచ్చుకోవచ్చు.

4. గిటారు. ఇది మునిప్రసాద్‌ది. పుస్తకం వెనక అట్ట మీది ఫోటోలో దామోదరం గారి ఒళ్ళో ఉంది. ఆయనకు వాయించడం రాదు. ఫోటోను దగ్గరగా చూస్తే ఎడమచేతి వేళ్ళు తీగల మీద లేవు, పక్కనున్న చెక్క మీద ఉన్నాయి. పాకాల చర్చిలో గిటారు వాయించే ఏబెల్‌కు దీన్ని ఇవ్వాలి. ఏబెల్ నా తమ్ముడి స్నేహితుడు.

5. క్యాసెట్టు. దీని సంగతి అమలుదారుకు పూర్తిగా తెలియాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

1987లో తమ్ముడు రాయవేలూరు హాస్టల్ అబ్బాయి ఒకరి దగ్గర ఆ పాట క్యాసెట్టును ఒక్క పూటకు అడిగి పాకాలలోని మా ఇంటికి తెచ్చాడు. రెండు టేపురికార్డర్లను కలిపే వైరు మాకు లేదు. అప్పట్లో అందరూ చేసినట్టే రెంటినీ మంచం మీద ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో పాట వేసి, రెండోదాంట్లో రికార్డు మీట నొక్కాడు. పాట అయ్యేదాకా ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదన్నాడు. ఫ్యాను కూడా ఆపించాడు. గిటారు మంచి జోరులో ఉండగా మా అమ్మ నాగరత్నమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఒరే మునిగా, ఆ గోల ఆపరా, నాయన వస్తా ఉండాడు" అంది. తమ్ముడు నవ్వుతూ, "ఉండుమ్మా, ఇంకొంచెమే ఉండాది" అన్నాడు. ఆ రెండు మాటలూ పాటలో పడిపోయాయి. వాళ్ళిద్దరి గొంతులు మరెక్కడా లేవు.

కొత్త అల్లుడిగా వచ్చినప్పుడు దామోదరం గారు ఆ పాటను మొదట విన్నది ఆ క్యాసెట్టులోనే. పుస్తకం రాసే రోజుల్లో దాన్ని చెన్నై తీసుకెళ్ళి, కంపెనీ రికార్డులోని తేట పాటను అదే క్యాసెట్టు మీద ఎక్కించుకొచ్చారు. నూట పద్దెనిమిదో పేజీలో ఇలా రాశారు: "పాకాలలో ఒక మిత్రుడి ఇంట విన్న ప్రతిలో ఇంటివాళ్ళ రొద ఉండేది. దాన్ని చెరిపించాకే పాట నిజస్వరూపం తెలిసింది." బావమరిది ఒక మిత్రుడయ్యాడు. అత్తగారు రొద అయింది. నేను అడిగితే, "పాటకు అక్కరలేనిదే కదా మోహనా" అన్నారు. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం వడ్డిస్తున్నాను, రమ్మని పిలవడం లేదు. ఆయన ఇంకా గమనించలేదు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. మునిప్రసాద్ తన క్యాసెట్టు నుంచి ఏబెల్‌కు మరొకటి చేసిచ్చాడు, అదే మంచం మీద. ఆ మాటలు అందులోకీ వచ్చాయి. పోయిన ఏడాది కోమలిని వెంటబెట్టుకుని పాకాల వెళ్ళాను. ఏబెల్ వేశాడు. కోమలి విని, "నాయన గొంతు ఇంత సన్నంగా ఉండేదా అత్తా" అంది. మళ్ళీ వేయమంది. ఏబెల్ ఆ క్యాసెట్టును నాకే ఇచ్చేశాడు. ఇప్పుడది బాలసుబ్రమణ్యం గారి బీరువాలో ఉంది. నా తరువాత కోమలిది.

6. పుస్తకం హక్కులు. ప్రచురణకర్తగా నా పేరు వేసుకుని, సర్వహక్కులూ ప్రచురణకర్తవేనని దామోదరం గారు సంతకం చేసి రాసిచ్చారు. సర్కారు ఉద్యోగంలో ఉండి తన పేరున పుస్తకం అమ్ముకోకూడదు కాబట్టి ఆయనకు అలా వీలుగా ఉండింది. అప్పుడు నన్ను అడగలేదు, ఇప్పుడు నేనూ ఆయన్ను అడగడం లేదు. ఆ హక్కులు కోమలికి రాస్తున్నాను. ఆయన రెండో ముద్రణకు సిద్ధమవుతున్నారు. నూట పద్దెనిమిదో పేజీలో నా తమ్ముడి పేరు, మా అమ్మ పేరు, వాళ్ళు తనకు ఏమవుతారో, ఏం మాట్లాడారో అచ్చు కాకుండా ఆ పుస్తకం మళ్ళీ ప్రెస్సుకు వెళ్ళకూడదు.

7. కోమలి మెత్తటి మనిషి. మామ అడిగితే కాదనలేదు. అందుకే ఈ షరతు నేను పెడుతున్నాను, ఆమె పెట్టినట్టు ఎవరూ అనుకోకూడదు. దామోదరం గారు ఆ క్యాసెట్టు వినదలిస్తే ముందు కోమలి ఎదుట కూర్చుని, తాను రాసిన నూట పద్దెనిమిదో పేజీని పైకి చదవాలి. చదివాక, ఆమెకు ఇష్టమైతే వేస్తుంది. పాట అయ్యేదాకా ఆయన నోరెత్తకూడదు. ఫ్యాను ఆపాలి.

తిరుపతి,
2025 నవంబరు 12, బుధవారం

(సంతకం) మోహన

ఆమె మా ఎదుట పైదంతా తానే చదివి సంతకం చేయగా చూసిన సాక్షులు:
1. చెంగల్రాయుడు
2. తిరుమలమ్మ